నీళ్లున్న ప్రతి హోలూ మంచి హోల్ కాదు: ఫౌంటెన్ హిల్స్ డిస్క్ గోల్ఫ్ కోర్సు, దాంతో పాటు నాకు నచ్చిన మరికొన్ని

ఈ మాట ముందే చెప్పేస్తున్నా. డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లని ఎవర్ని కదిపినా ‘వాటర్ హోల్ ఉందంటే ఆ కోర్సు సూపర్’ అంటారు, తీరా వెళ్లి చూస్తే టీ ప్యాడ్‌కీ (మొదటి త్రో వేసే చోటు) బాస్కెట్‌కీ (డిస్క్ పడాల్సిన బుట్ట) మధ్య ఓ పాచి పట్టిన గుంట, పక్కనుంచి పోవడానికి దారి లేదు, దాటితే దాటావు, లేకపోతే పదిహేను ఇరవై డాలర్ల డిస్క్ గంగపాలు. అందులో ఆటేముంది? నా లెక్కలో మంచి వాటర్ హోల్ అంటే భయపడేవాడికి ఒక దారి, ఆశపడేవాడికి ఒక దారి ఉండాలి. భయపడినవాడికి ఒక త్రో ఎక్కువ పడాలి, ఆశపడినవాడికి డిస్క్ చెయ్యి దాటాక గుండె కాసేపు ఆగాలి. ఈ కొలత పట్టుకుని చూస్తే పేరున్న హోల్స్ కొన్ని కిందకి దిగుతాయి, ఎవరూ పట్టించుకోనివి కొన్ని పైకొస్తాయి.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. గోల్ఫ్ లాంటిదే, బంతి బదులు ప్లాస్టిక్ డిస్క్, కన్నం బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. టీ నుంచి ఒక బుట్ట దాకా ఆడేదాన్ని ఒక హోల్ అంటారు. ఆ గొలుసుల బుట్టని కనిపెట్టింది ఎడ్ హెడ్రిక్ అనే కాలిఫోర్నియా ఆయన, 1970లలో. ఇప్పుడు ఆటకి రూల్స్ రాసే పీడీజీఏ కూడా ఆయన 1976లో మొదలుపెట్టిందే. అమెరికాలో చాలా కోర్సులు పబ్లిక్ పార్కుల్లోనే ఉంటాయి, చాలావాటికి రూపాయి కట్టక్కర్లేదు. మన వాళ్లు వారాంతం అనగానే క్రికెట్ లీగో వాలీబాలో అంటారు గానీ, పదకొండు మంది దొరకని రోజు ఇద్దరు ముగ్గురు కలిసి ఆడుకోవడానికి, పిల్లల్ని కూడా తీసుకెళ్లడానికి ఇంతకంటే చవకైన ఆట నాకు కనిపించలేదు.

ఇక అసలు విషయం. ఆరిజోనాలో చాండ్లర్, గిల్బర్ట్ వైపు ఉండే తెలుగువాళ్లకి ఫౌంటెన్ హిల్స్ అంటే చుట్టాలొస్తే చూపించే ఊరు. చెరువు మధ్యలోంచి నీళ్లు ఆకాశంలోకి చిమ్ముతాయి, ఫొటోలు దిగుతారు, వచ్చేస్తారు. అదే ఫౌంటెన్ పార్కులో ఆ చెరువు ఒడ్డునే డిస్క్ గోల్ఫ్ కోర్సు ఉందని, మెమోరియల్ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద ప్రో టోర్నమెంటు చాలా ఏళ్లు ఇక్కడే జరిగిందని చాలామందికి తెలియదు. పక్కనుంచి డిస్క్ రయ్యిన పోతుంటే ‘ఎవరో ఫ్రిస్బీ ఆడుతున్నారు’ అనుకుని మళ్లీ సెల్ఫీలో పడిపోతారు.

ఆ ఫౌంటెన్ గురించి కొంచెం. 1970లో కట్టించింది రాబర్ట్ మెకల్లక్, చెట్లు కోసే రంపాల వ్యాపారి. తను కొత్తగా కట్టిస్తున్న ఈ ఊళ్లో స్థలాలు అమ్ముకోవడానికి ఏదో ఒక వింత కావాలిగా. ఈయనే లండన్ బ్రిడ్జిని కొని, రాళ్లు విప్పించి, ఇదే ఆరిజోనాలోని లేక్ హవాసూకి తెచ్చి నిలబెట్టించాడు కాబట్టి ఈ ఫౌంటెన్ ఆయన లెక్కలో చిన్న పనే. పూర్తి బలంతో వదిలితే నీళ్లు 560 అడుగులు పోతాయి, అంటే చార్మినార్‌లు మూడు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. మామూలు రోజుల్లో అంత ఎత్తు పంపరు. గంట కొట్టగానే మొదలై పావుగంట సేపు ఉంటుంది.

ఈ సోదంతా ఎందుకంటే, ఆటగాడికి ఆ ఫౌంటెన్ అలంకారం కాదు, గాలిని చూపించే పరికరం. డిస్క్ గోల్ఫ్‌లో నీళ్లకంటే గాలే పెద్ద శత్రువు. ఎదురుగాలిలో డిస్క్ విసిరిన వేగానికి మించి పోతున్నట్టు ప్రవర్తిస్తుంది. మామూలుగా నిలకడగా పోయే డిస్క్ కూడా కుడివైపు తిరగబడుతుంది. వెనకనుంచి గాలి తోస్తే తిరగడం మానేసి ముందే ఎడమకి వాలుతుంది, పైగా అనుకున్నదానికంటే ముందే నేలకి దిగిపోతుంది (ఇదంతా కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చెయ్యి ఒంటికి అడ్డంగా తెచ్చి వేసేవాళ్ల లెక్క, ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోండి). టీ దగ్గర నిలబడి గడ్డి పరకలు ఎగరేసి చూస్తే మీ నడుము ఎత్తులో గాలి ఎటుందో తెలుస్తుంది, అంతే. చెట్లెత్తుకి పోయే డిస్క్‌కి పైగాలి కావాలి. ఫౌంటెన్ ధార పైన ఎటు వంగి, తుంపర ఎటు కొట్టుకుపోతోందో చూడండి, జవాబు అక్కడే ఉంటుంది. గాలి మరీ ఎక్కువైతే ఫౌంటెన్ ఆపేస్తారు. గంట దాటినా నీళ్లు లేవలేదంటే ఆ రోజు చెరువు మీదనుంచి వేసే సాహసాలు మానుకుని ఒడ్డు పట్టుకుని ఆడటం మంచిది.

హోల్స్ సంగతి. చెరువు చుట్టూ నడకదారి, దానికి పైవైపు గడ్డి వాలు, ఆ వాలు మీద బాస్కెట్లు. ఒడ్డు వెంబడి ఉన్న హోల్స్‌లో అసలు సరదా ఏంటంటే, ఒడ్డు సూటిగా ఉండదు, వంపు తిరుగుతుంది. అందుకని టీ నుంచి బాస్కెట్‌కి దగ్గరి దారి నీళ్ల మీదనుంచి పోతుంది, క్షేమమైన దారి గడ్డి మీదనుంచి. నీళ్లు కుడివైపున్నప్పుడు బ్యాక్‌హ్యాండ్‌వాడు హైజర్ వేస్తాడు, అంటే డిస్క్‌ని వాల్చి, చెరువు మీదకి వదిలి, అదే తిరిగి ఒడ్డుకొచ్చేలా. చూసేవాళ్లకి ‘అయ్యో పోయింది’ అనిపిస్తుంది, నీళ్ల మీద అంత దూరం పోతుంది, తర్వాత వేగం తగ్గేకొద్దీ ముక్కు ఎడమకి తిప్పి ఇంటికొచ్చినట్టు గడ్డి మీద వాలుతుంది. ఈ ఒక్క త్రో కోసమే నేను గంట డ్రైవ్‌కైనా సిద్ధం. నీళ్లు ఎడమవైపుంటే కథ వేరే. ఏ డిస్క్ అయినా చివర్లో ఎడమకే వాలుతుంది కాబట్టి కుడివైపు కావలసినంత చోటు వదిలి వేయాలి, లేదా ఫోర్‌హ్యాండ్ (చెయ్యి ఒంటి పక్కనుంచి తెచ్చి వేసేది, డిస్క్ కుడికి వాలుతుంది) రావాలి. ఫోర్‌హ్యాండ్ రానివాళ్లకి ఈ కోర్సు మొహమాటం లేకుండా ఆ సంగతి చెప్పేస్తుంది.

గడ్డి వాలు చెరువువైపే ఉండటం ఇంకో మెలిక. డిస్క్ బల్లపరుపుగా దిగితే ఆగుతుంది. అంచు మీద దిగితే మాత్రం చక్రంలా దొర్లుకుంటూ, నడకదారి దాటి, ఎవరో పెద్దావిడ కుక్కపిల్ల ముందునుంచి పోయి, చిన్న చప్పుడుతో నీళ్లలో దిగుతుంది. దీన్ని చూసి నవ్వనివాడు లేడు, డిస్క్ సొంతదారు తప్ప. పట్ (దగ్గర్నుంచి బుట్టలోకి వేసే త్రో) వేసేటప్పుడు కూడా ఇదే టెన్షన్. బాస్కెట్ వెనక నీళ్లుంటే, మామూలుగా కళ్లు మూసుకుని వేసే ఇరవై అడుగుల పట్‌కి కూడా చెయ్యి బిగుసుకుపోతుంది, దాంతో డిస్క్ గొలుసుల దాకా కూడా పోదు. మా బ్యాచ్‌లో ఒకడు నీళ్ల పక్కన ఉన్న ప్రతి పట్‌కీ ముందు ‘బావా, వెనకేముందో నాకు చెప్పకు’ అంటాడు, చెప్పకపోయినా కనబడుతూనే ఉంటుంది.

ఇక్కడ రూల్ ఒకటి తెలిసి ఉండాలి, తెలియకపోతే ఈ హోల్స్ రుచి సగమే. ఓబీ అంటే హద్దు దాటడం. డిస్క్ మొత్తం నీళ్లలో ఉంటేనే ఓబీ, అంచు కాస్త ఒడ్డుని తాకుతున్నా మీరు సేఫ్. ఓబీ అయితే ఒక త్రో పెనాల్టీ, తర్వాత పాత చోటినుంచే మళ్లీ వేయొచ్చు, లేదా డిస్క్ చివరిసారి ఎక్కడ హద్దు దాటిందో అక్కడ, లోపలికి మీటరు దాకా జరిగి వేయొచ్చు. డ్రాప్ జోన్ (ఓబీ అయినవాళ్లు వేయడానికి ముందే గుర్తు పెట్టిన చోటు) పెడితే అది ఇంకో సంగతి. ఇప్పుడు ఆలోచించండి. గడ్డి మీద పడి దొర్లి నీళ్లలోకి పోయినవాడు బాస్కెట్ పక్కనే దాటాడు, ఒక పెనాల్టీ తీసుకుని దగ్గర్నుంచి పట్ వేసుకుంటాడు. చెరువు మీదనుంచి అడ్డంగా కోద్దామని వేసి, డిస్క్ తిరిగి రాకుండా నడి నీళ్లలో పడినవాడు హద్దు దాటింది టీ ముందే. అంటే పెనాల్టీకి పెనాల్టీ, దూరానికి దూరం. ఇద్దరి డిస్కూ నీళ్లలోనే ఉంది, ఇద్దరి స్కోరుకీ పొంతన లేదు. అందుకే ‘ఎక్కడ దాటింది’ అన్నదాని మీద స్నేహితుల మధ్య కూడా గట్టి గొడవలు జరుగుతాయి. రూల్ బుక్‌లో నాకు నచ్చే ఇంకో మాట: నీళ్లలో పడిన డిస్క్ కేవలం నీటి కదలికకే కదులుతుంటే అది ఆగినట్టే లెక్క. అలలకి ఒడ్డుకి కొట్టుకొచ్చేదాకా నిలబడి ‘ఇదిగో వచ్చేసింది’ అనడం కుదరదన్నమాట.

మైనస్‌లు కూడా చెప్పాలి. చెరువులోది శుద్ధి చేసిన మురుగునీరు, దిగకూడదు, డిస్క్ కోసం అసలు దిగకండి. ఒడ్డుకి దగ్గరగా ఉంటే తాడుకి కట్టిన రిట్రీవర్ విసిరి గీరుకోవచ్చు, లోపలికి పోయిందంటే దండం పెట్టి వదిలేయడమే. చలికాలంలో నల్లటి కూట్ పక్షులు గుంపులు గుంపులుగా గడ్డి మీద మేస్తుంటాయి, అవి మేసిన చోట కింద చూసుకుని నడవాలి, డిస్క్ తీసి తుడుచుకోవడానికి పాత తువ్వాలు ఒకటి బ్యాగులో ఉండాలి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది జనం. నడకదారి మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, పిల్లల బండ్లు, కుక్కలు, ఫోన్‌లో మాట్లాడుకుంటూ పోయేవాళ్లు, వాళ్లకి ఇక్కడ ఆట జరుగుతోందనే తెలియదు. వాళ్లు పోయేదాకా ఆగాల్సిందే, గట్టిగా విసిరిన డిస్క్ మొహానికి తగిలితే మామూలుగా ఉండదు. ఓపిక లేనివాళ్లు శనివారం మధ్యాహ్నం ఇటు రాకండి. ఎండాకాలం గురించి చెప్పక్కర్లేదు, 43 డిగ్రీల్లో నీడలేని గడ్డి మీద ఎవరూ ఆడరు, ఆడితే తెల్లారుజామునే.

అదే చుట్టుపక్కల ఇంకోటి కావాలంటే స్కాట్స్‌డేల్‌లో విస్టా డెల్ కామినో పార్కు. ఇది ఇండియన్ బెండ్ వాష్ గ్రీన్‌బెల్ట్‌లో ఉంటుంది, అంటే వరద పోవడానికి వదిలిన చోటు. వరద కోసం కాంక్రీటు కాలువ తవ్వుదామన్న ప్లాన్ పక్కనపెట్టి ఊరివాళ్లు పట్టుబట్టి దాన్ని పచ్చటి పార్కుల వరసగా ఉంచుకున్నారు. మంచి పని చేశారు, మనకో కోర్సు దొరికింది. ఇక్కడి చెరువులు చిన్నవి, నీళ్లు మీరనుకోని వైపునుంచి వచ్చి తగులుతాయి. ఫౌంటెన్ హిల్స్ అంత అందం లేదు, కొత్తగా నేర్చుకునేవాళ్లకి మాత్రం ఇదే ముందు చెప్తాను. వర్షం గట్టిగా పడ్డాక వెళ్లకండి, అది వరద చోటన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది.

ఇప్పుడు గొడవ పెట్టుకునే మాట. వాటర్ హోల్స్ అనగానే అందరూ చెప్పే పేరు సౌత్ కరోలినాలో రాక్ హిల్ దగ్గర విన్‌త్రాప్ యూనివర్సిటీలో ఉన్న 17వ హోల్. 1999 నుంచి యూఎస్ డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ అక్కడ జరుగుతోంది, షార్లెట్‌కి పక్కనే కాబట్టి అక్కడి మన వాళ్లు వీలైతే ఓసారి చూసి రావాల్సిన టోర్నమెంటు. దూరం దాదాపు 250 అడుగులు, ప్రోలకి చాలా తేలికైన దూరం. కానీ బాస్కెట్ చుట్టూ గడ్డి మోపులు పేర్చి గోడ కడతారు, ఆ గోడ లోపల ఆగితేనే లెక్క, బయట పడితే ఓబీ. చెరువు పక్కన ఉంటుంది గానీ, డిస్క్‌లని మింగేది ఎక్కువగా ఆ మోపుల గోడే. మూడు రోజులు ముందున్నవాడు ఇక్కడ ఒక్క త్రోతో నవ్వులపాలయ్యే అవకాశం ఉంటుంది, చూడ్డానికి అంతకంటే మజా లేదు, ఒప్పుకుంటా. కానీ హోల్‌గా చూస్తే? పిరికివాడికి దారి లేదు. పోయేది ఒకటే చోటికి, తగిలితే తగిలింది. నా కొలతలో అది పరీక్షే, ఆట కాదు.

అదే కోర్సులో 5వ హోల్‌కి ఆ పేరు రాలేదు, అన్యాయం అంటాను. వెయ్యి అడుగుల పైచిలుకు, పార్ 5 (అంటే అయిదు త్రోల్లో అవ్వాల్సిన హోల్), చెరువుని చుట్టుకుంటూ పోతుంది. మొదటి త్రో ఎంత నీటి మీదనుంచి కోస్తే రెండో త్రో అంత తేలికవుతుంది. ఒకడు పొడి నేల పట్టుకుని మెల్లగా చుట్టుకొస్తాడు, ఇంకొకడు చెరువు మూల కోస్తాడు, మూడోవాడు అంతా కోద్దామని చూసి కొంప ముంచుకుంటాడు. ముగ్గురూ ఒకే టీ మీద నిలబడి మూడు వేర్వేరు హోల్స్ ఆడుతున్నట్టే. వీడియోల్లో చూసేటప్పుడు 17 దగ్గరికి జరపకుండా ఓసారి 5 చూడండి, డిస్క్ పట్టుకునే ముందు వాళ్లు ఎంతసేపు నీళ్లకేసి చూస్తారో చూడండి.

మసాచుసెట్స్‌లో లెస్టర్ అనే ఊళ్లో మేపుల్ హిల్ గురించి కూడా ఒక ముక్క. అది క్రిస్మస్ చెట్లు పెంచే తోట, అందులో కోర్సు, డబ్బు కట్టి ఆడాలి. వూస్టర్, వెస్ట్‌బరో వైపు ఉండేవాళ్లకి దగ్గరే. మొదటి హోల్ మొదటి త్రోకే ఎదురుగా చెరువు, ఇంకా ఒళ్లు కూడా వేడెక్కదు. ఇది మంచి హోల్ ఎందుకంటే, రెడ్, వైట్, బ్లూ, గోల్డ్ అని టీలు రంగులవారీగా ఉంటాయి, నీ చెయ్యి ఎంతో నువ్వే తేల్చుకోవాలి. అందరూ అన్నిటికంటే దూరమైన గోల్డ్ దగ్గర నిలబడి వీడియో తీయించుకుంటారు, సగంమంది డిస్క్‌లు చెరువులో ఉంటాయి. మంచు కరిగాక ఏప్రిల్ ఆ ప్రాంతంలో నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో తెలుసు కాబట్టి దిగి తెచ్చుకుందాం అనే ఆలోచన ఎవరికీ రాదు.

చివరగా తేలే డిస్క్‌ల సంగతి, ఎందుకంటే ఈ హోల్స్ చూశాక అందరూ అడిగేది అదే. డిస్క్‌లు తయారుచేసే ఇన్నోవా వాళ్ల డ్రాగన్ డీఎక్స్ అనే మామూలు రకం ప్లాస్టిక్‌లో వస్తుంది, తేలుతుంది, చవక. వాళ్లదే హైడ్రా అనే పట్టర్ (పట్ వేసే డిస్క్) కూడా తేలుతుంది, చేతికి మెత్తగా, నచ్చేవాళ్లకి బాగా నచ్చుతుంది. నాకు మాత్రం పట్టు కుదరలేదు. డ్రాగన్ మంచిదే కానీ తేలికైన డిస్క్ కాబట్టి ఎదురుగాలికి దానిష్టం వచ్చినట్టు తిరుగుతుంది, నీళ్లున్న చోట గాలి ఎప్పుడూ ఉంటుంది. అంటే తేలుతుందని కొన్న డిస్క్, తేలికగా ఉన్నందుకే నీళ్లలోకి పోతుంది. నవ్వొచ్చే లెక్క, కానీ నిజం. అందుకని గాలి లేని ఉదయం డ్రాగన్, గాలి ఉంటే బరువైన మామూలు డిస్క్, పోయినా ఏడవక్కర్లేని పాతది. కొత్తగా కొన్న ‘ఫ్లోటర్’ని గుడ్డిగా నమ్మకండి. ఒక ఆన్‌లైన్ షాపు తేలుతుందని రాసి పంపింది బాత్‌రూమ్ బకెట్‌లో వేస్తే మగ్గు పక్కనుంచి నిదానంగా అడుక్కి పోయింది. వాపసు తీసుకున్నారనుకోండి, కానీ పరీక్ష చెరువులో కాకుండా బకెట్‌లో జరిగింది కాబట్టి సరిపోయింది. డిస్క్ వెనక ఫోన్ నంబర్ రాసుకోవడం మర్చిపోకండి, దొరికినవాళ్లు మెసేజ్ పెడతారు, ఈ ఆటలో ఆ మర్యాద ఇంకా ఉంది.

ఫౌంటెన్ హిల్స్‌కి నా మార్కులు అయిదుకి నాలుగున్నర, ఆ అర జనం వల్ల పోయింది. నవంబరు నుంచి మార్చి లోపు, మామూలు పనిదినం పొద్దున్నే వెళ్లండి. తొమ్మిదింటికి మొదటిసారి నీళ్లు లేస్తాయి కాబట్టి ఒడ్డు వెంబడి హోల్స్ ఆ టైముకి వచ్చేలా చూసుకుంటే పైగాలి ఎటుందో తేలిపోతుంది. డిస్క్ గోల్ఫ్ కోర్సులు చూపించే యూడిస్క్ యాప్‌లో మ్యాప్ ముందే తెరిచి పెట్టుకోండి, కొత్తవాళ్లకి తర్వాతి టీ ఎక్కడుందో వెతుక్కోవడమే సగం పని. డిస్క్‌లు మూడు చాలు: ఒక పట్టర్, మధ్య దూరాలకి ఒక మిడ్‌రేంజ్, దూరం విసరడానికి పోయినా ఫరవాలేదనుకునే డ్రైవర్ ఒకటి.